సీసాలో చీటీ

అక్షరాలు రాకపోబట్టి ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. అరవై దాటాక, ఈ ఏడే నేర్చుకున్నాను.

విజయవాడ కాలేజీ నుంచి ఒక మేడమ్‌గారు మా ఊరి ఏటిపాయకు వచ్చేవారు. మడ అడవిలోనూ, రొయ్యల చెరువుల మురుగు కలిసే చోటా నేను బురద జల్లెడ పట్టి ఇస్తే, మిగిలింది సీసాల్లో పోసుకునేవారు. బియ్యపుగింజంత రొయ్యలు, పీతలు ఎక్కడెన్ని ఉన్నాయో తర్వాత భూతద్దం కింద పెట్టి లెక్కించేవారు. ఎక్కడి బురదో పెన్సిల్‌తో రాసిన చీటీ సీసాలో వేసి, పైకెత్తి, "మీ ఊరు రాశానర్రా, తప్పిపోకండి" అని ఆ పురుగులకు చెప్పందే మూత పెట్టేవారు కాదు.

ఒకరోజు ఆవిడ భోజనానికి వెళ్లినప్పుడు, తడిసిన చీటీలు పాడవుతాయని అన్నీ తీసి, చేపల్లా చాప మీద ఆరబెట్టాను. మళ్లీ సీసాకొకటి వేసేశాను. నా కళ్లకు అన్నీ ఒకటే.

సాయంత్రం అడిగాను. "చీటీ మారితే ఏమవుద్దండీ?"

"నా చదువంతా అబద్ధమైపోద్ది పిన్నిగారూ" అని నవ్వారు.

నేను చాప చుట్టుకుని ఇంటికొచ్చేశాను.

కొన్నాళ్లకు ఫోన్ చేశారు. "మురుగు దగ్గరే ఎక్కువున్నాయి పిన్నిగారూ! నేనే నమ్మలేకపోయాను."

ఆ కంపులో ఏదీ బతకదని నాకు తెలుసు. అయినా "మంచిదమ్మా" అన్నాను. ఇప్పుడు చెరువులవాళ్లు ఆవిడ లెక్కే చూపించి మురుగు వదులుతున్నారు.

'మురుగు కాలవ' అని తప్పులేకుండా రాయడం వచ్చిన మర్నాడు పొద్దున్నే, పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీయగానే అక్కడి బురద జల్లించి సీసాలో పోశాను. చీటీ నేనే రాసి వేసి, పైకెత్తి చూశాను. ఊరు చెప్పడానికి లోపల ఎవరూ లేరు. ఆ సీసాతోనే విజయవాడ బస్సెక్కాను.