తిరగబడ్డ అక్షరాల మీద నా దర్యాప్తు

ఆ రోజుల్లో మద్దిలపాలెంలో సగం షాపుల పేర్లు నా చేతిరాతే. ఆరో తరగతిలో బడి మానేసినవాడు ఊరంతా చదవడానికి రాసిపెడుతున్నాడంటే మా మాస్టార్లు నమ్మేవారు కాదు. నేనూ పూర్తిగా నమ్మేవాణ్ని కాదు. (బడి నన్ను వదిలేసిందా, నేనే బడిని వదిలేశానా అన్నది ఇప్పటికీ తేలలేదు. విడిపోయాక ఇద్దరం సుఖంగానే ఉన్నాం.) అందుకే మా అమ్మాయి పుట్టగానే, దీని చదువు మాత్రం నాలా మధ్యలో ఆగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. దాన్ని పిట్ట అని పిలిచేవాళ్లం. పిట్ట యూకేజీలో ఉండగా ఒక సాయంత్రం దాని పుస్తకం తెరిచాను. ‘బి’ పొట్ట వెనక్కి తిరిగి ఉంది. ‘ఎస్’ ఎదురుదిక్కుకి పాకుతోంది. మూడు అంకె గోడకేసి మొహం పెట్టుకుని అలిగి కూర్చుంది.

ఇది ఎవరి పని? మొదటి అనుమానం మా అత్త మీద. ఆవిడది ఎడమచేతి వాటం. చేపలు కోసినా, పిల్లకి అన్నం తినిపించినా, బైబిలు పేజీ తిప్పినా ఎడమచెయ్యే. ఓ రెండు రోజులు ఆ చెయ్యి మీదే నిఘా పెట్టాను. “ఏటల్లుడా, నా సెయ్యేపు అలా సూత్తన్నావ్? ఉంగరమేటైనా సేయించి పెడతావేటి?” అంది. తర్వాత పిల్ల బొమ్మలు చూసే ఫోన్ మీద అనుమానం. దాన్ని బీరువా మీద పెట్టేశాను. ఆ తర్వాత మా ఆవిడ మీద. “పిల్లకి దగ్గరుండి రాయించేది నువ్వే కదా, ఏటి నేర్పుతన్నావ్?” అని మెల్లగా కదిపాను. “ఓలమ్మా! నానింటర్ పాసయ్యాను మావా. పిల్లకి ఎవరి బుర్రొచ్చిందో నన్నడుగుతావేటి?” అంది. ఆ మాట ముల్లులా దిగింది. నేను భయపడుతున్నదీ సరిగ్గా అదే.

చివరికి పిట్ట మీదే అనుమానం వచ్చింది. నా కూతురు కదా, కావాలనే ఆటపట్టిస్తోందేమోనని. రోజూ అది రాసుకుంటుంటే వెనకాల చేతులు కట్టుకుని, సబ్‌ఇన్‌స్పెక్టర్‌లా నిలబడేవాణ్ని. అది మెడ తిప్పి, “ఏటి నాన్నా?” అనేది. “ఏం లేదమ్మా, రాసుకో” అనేవాణ్ని. (దొంగని పట్టుకునేవాడు దొంగతో అంతకన్నా ఏం మాట్లాడతాడు!)

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఒక స్వీటు షాపు అద్దాల తలుపు మీద పేరు రాసే పని ఉంటే, ఎప్పటిలాగే పిట్టని కూడా తీసుకెళ్లాను. అద్దం మీద పేరు బయట రాస్తే వానకీ, తుడిచే గుడ్డకీ నాలుగు నెలల్లో రంగు పోతుంది. అందుకే మేం షాపు లోపల కూర్చుని, అద్దం వెనక నుంచి, కుడి నుంచి ఎడమకి, ప్రతి అక్షరాన్నీ తిరగేసి రాస్తాం. రోడ్డు మీది వాళ్లకి తిన్నగా కనిపిస్తుంది. లోపలున్నవాళ్లకి అంతా తలకిందుల వ్యవహారమే. నేను ‘బి’ పొట్ట ఎడమకి దించుతూ పక్కకి చూద్దును కదా, పిట్ట నేల మీద సుద్దముక్కతో అచ్చం అలాగే పొట్ట దించుతోంది. నా కుంచె ఆగిపోయింది.

“ఇలా ఎవలు నేర్పారే?”

“నువ్వే కదా నాన్నా. నీలాగే రాత్తన్నాను.”

మూడు వారాలుగా వెతుకుతున్న దొంగని నేనే. మర్నాడే బడి నుంచి కబురు, టీచరమ్మ రమ్మంటోందని. పిల్లని యూకేజీలోనే మళ్లీ కూర్చోబెడతారని తేల్చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరం ఒప్పుకోడానికి వెళ్లాను. “మేడమ్, తప్పు పిల్లది కాదండి, నాది” అని అద్దం కథంతా చెప్పాను. ఆవిడ నవ్వాపుకుంటూ పుస్తకాల దొంతర తెచ్చి నా ముందు ఒక్కొక్కటీ తెరిచింది. “ఈ బాబు వాళ్ల నాన్న పోర్టులో క్రేన్ నడుపుతారు. ఈ పాప వాళ్లు స్టీల్ ప్లాంటు. వీడి తాత సముద్రంలో వేటకెళ్తాడు. వీళ్లకి కూడా మీరే నేర్పారేటండి?” ప్రతి పేజీలోనూ పొట్టలు వెనక్కే ఉన్నాయి. “ఈ వయసులో మామూలేనండి. ఒకటో రెండో తరగతికి చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి. నేను పిలిచింది అందుక్కాదు. ఈ మధ్య పాప పుస్తకం మోచేత్తో కప్పేసుకుంటోంది. ఇంట్లో ఎవరైనా వెనకాల నిలబడి చూస్తన్నారా?”

ఇంటికొచ్చాక నిఘా ఎత్తేశాను. ఒకటో తరగతి సగానికొచ్చేసరికి మూడు అంకె అలక మానింది. ఇప్పుడు షాపులవాళ్లు స్టిక్కర్లు అంటించేసుకుంటున్నారు, నా కుంచెకి పని తగ్గింది. పిట్ట ఇంటర్‌కొచ్చింది. ఒక్క అక్షరానికి ఇంటిల్లిపాదినీ అనుమానించిన ఆ కుర్ర తండ్రి గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మొన్న భోజనాల దగ్గర ఇదంతా చెప్పి, “నీ ఎనకాల నిలబడి నిన్ను బెదరగొట్టేశాను కదమ్మా, అందుకే పుస్తకం దాచీసుకున్నావు” అన్నాను.

“నీకు బెదిరి దాచలేదు నాన్నా” అంది పిట్ట, అన్నం కలుపుకుంటూనే. “టీచర్ బోర్డు మీద ఒకలా రాసేది, నువ్వు అద్దం మీద ఇంకోలా రాసేవోడివి. నీకే రాయడం రాదేమో, బళ్లో తెలిసిపోతే నీ పరువు పోద్దేమోనని దాచాను.”