కళ్లజోడు తుడిచే సార్

కొత్తగా హెడ్మాస్టర్లయిన మాకు పని నేర్పమని విద్యాశాఖ పంపిన రిటైర్డ్ హెడ్మాస్టర్ ఆయన. నెలకోసారి మార్కాపురం బస్సులో తర్లుపాడు వైపున్న మా హైస్కూలుకు వచ్చేవారు. "ఏం చెయ్యమంటారు సార్?" అని అడిగితే చాలు, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చునేవారు. నాకు ఒళ్లు మండేది.

రోజూ ఆలస్యంగా వచ్చే లెక్కల మాస్టారికి మెమో రాసి, సంతకం పెట్టే ముందు ఆయనకు చూపించాను. మళ్లీ అదే తుడుపు. చివరికి నేనే, "ఎందుకు లేటవుతోందో నేనింకా అడగలేదు సార్" అన్నాను. అప్పుడు కళ్లజోడు పెట్టుకున్నారు.

మర్నాడు మాస్టారిని అడిగాను.

"ఇన్నాళ్లకు అడిగినారు మేడం. మా నాయన మంచాన పడినాడు. స్నానం చేయించి, అన్నం తినిపించి గిద్దలూరు నుంచి రావాల."

లెక్కలు మొదటి పీరియడే ఉండాలన్న మా బడి ఆనవాయితీని పక్కనపెట్టి, ఆయన క్లాసు మూడో పీరియడుకు మార్చాను. మెమో చించేశాను. మనసు కుదుటపడింది.

సార్ ఆఖరిసారి వచ్చినప్పుడు అడిగాను. "నా స్థానంలో మీరైతే ఏం చేసేవారు?"

ఈసారి కళ్లజోడు తియ్యలేదు.

"మెమోనే ఇచ్చేటోణ్ణమ్మా. ఒకాయనకు ఇచ్చినాను గూడా. ఆయన ఎందుకు లేటుగా వచ్చినాడో ఇప్పటికీ నాకు తెలీదు."