మినహాయింపులు సున్నా

ఆఫీసులో ఆమెను అనుమానాలక్క అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆమె కూడా తడుముకోకుండా పలికేది. నలభై నాలుగేళ్ళ మనిషి. ఈ ఉద్యోగానికి రాకముందు పదమూడేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే, ఆమె అచ్చుకాగితం మీద వేలు జరుపుకుంటూ వెళ్ళేది. తేడా కనబడ్డ చోట ఎర్ర గీత. తప్పులేని పేజీ వస్తే సంతోషించేది కాదు. "నాకే మధ్యలో కునుకు పట్టి ఉంటుంది, మళ్ళీ చదువు" అనేది. అచ్చాఫీసు మూతపడ్డాక పట్టుబట్టి కంప్యూటరు నేర్చుకుని, ఇరవై మంది ఉన్న ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరుగా చేరింది.

కంపెనీ తయారుచేస్తున్నది ఒక డీబగ్గరు. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, లోపల ఎక్కడ ఏం జరుగుతోందో చూపించే పనిముట్టు అది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు అప్పటికే వేరే డీబగ్గరు ఒకటి ఏళ్ళ తరబడి వాడుతున్నారు. ఆగమనడానికి ఒక ఆదేశం, ఒక్క అడుగు వెయ్యమనడానికి ఇంకొకటి, అన్నీ వాళ్ళ వేళ్ళకు పట్టేశాయి. ఆ అలవాటు మానుకోండి అంటే కొత్తదాన్ని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. అందుకని పాతదాని ఆదేశం ఏది ఇచ్చినా, కొత్తది కూడా అచ్చం పాతదానిలాగే జవాబు చెప్పాలి. చెబుతోందో లేదో చూడడమే అనుమానాలక్క పని.

మొదట్లో ఆమె ఆదేశాలన్నీ తనే కొట్టి చూసేది. తర్వాత ఆ పని ఒక కంప్యూటరుకు అప్పగించారు. రోజూ పొద్దున ఆఫీసు తెరిచేసరికి అది పన్నెండు వందల నలభై ఆదేశాలను రెండు డీబగ్గర్లకూ ఇచ్చి, జవాబులు పక్కపక్కన పెట్టి పోల్చేది. ఒకేలా ఉంటే పచ్చ గడి, తేడా వస్తే ఎర్ర గడి. గోడకు తగిలించిన తెర మీద ఏనాడూ యాభై ఎర్ర గళ్ళకు తక్కువ ఉండేవి కావు.

ఆ సోమవారం ఆమె వచ్చి చూస్తే తెరంతా పచ్చగా ఉంది. ఒక్క ఎర్ర గడి లేదు.

అందరూ తెర ముందు గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఈలబాబు. పనిచేస్తూ ఈల వేసే అలవాటున్న ప్రోగ్రామరు, ముప్పై దాటలేదు. మూడు వారాలుగా దిద్దుతున్న దిద్దుబాట్లన్నీ శుక్రవారం సాయంత్రం ఒకేసారి కలిపింది అతనే. అందరూ అతని వీపు తడుతున్నారు.

"గురువారం కస్టమర్లు వస్తున్నారు. సరిగ్గా పీకల మీదికి వచ్చేసరికి గట్టెక్కించాడు" అన్నాడు మేనేజరు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఒక్కటి కూడా లేదా?" అంది అనుమానాలక్క.

"లేదక్కా. పండగ చేసుకోండి" అన్నాడు ఈలబాబు.

"శుక్రవారం అరవై మూడు ఉన్నాయి కదా బాబూ."

"అవే కదా దిద్దాను" అన్నాడు అతను. తన కళ్ళలోకి చూడకుండా అన్నాడని ఆమెకు అనిపించింది.

ఆమె సీటుకు వెళ్ళి కూర్చుంది గానీ పని మీద మనసు నిలవలేదు. అరవై మూడింటిలో నలభై తేలికైనవే. మిగతావి పెద్దపెద్దవాళ్ళే చేతులెత్తేసినవి. మూడు వారాల్లో ఒక్కడు అన్నీ దిద్దేశాడా? ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. గురువారం కస్టమర్లు. సోమవారం అన్నీ పచ్చ. పైగా ఇవాళ ఈల కూడా మామూలు కంటే గట్టిగా వేస్తున్నాడు.

ఒక దారి ఆమెకు వెంటనే తట్టింది. పోలికలో మినహాయింపుల పట్టీ అని ఒకటి ఉంది. తేడా వచ్చినా ఫరవాలేదు అనుకున్నవి అందులో రాస్తారు. పాత డీబగ్గరు ఇచ్చే ఒక హెచ్చరికలో ఒక అక్షరం ఎక్కువ పడింది, ఎన్నేళ్ళయినా వాళ్ళు దిద్దలేదు. కొత్తది అదే హెచ్చరికను సరైన అక్షరాలతో ఇస్తుంది. ఆ తేడా మినహాయింపు. ఎర్ర గళ్ళన్నిటినీ ఆ పట్టీలో కుక్కేస్తే అన్నీ పచ్చబడతాయి. ఆ పట్టీని మార్చే అధికారం ఉన్నది ఇద్దరికే, ఆమెకూ ఈలబాబుకూ.

మంగళవారం మధ్యాహ్నం పట్టీ తెరిచి చూసింది. రెండు నెలలుగా ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. ఆమెకు ఊరట కలగలేదు సరికదా, అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది. అతి తెలివిగా చేశాడన్నమాట అనుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పదహారేళ్ళ కూతురు వాకిట్లో బూట్లు ఆరబెడుతోంది.

"గొడుగేది?"

"స్నేహితురాలు అడిగితే ఇచ్చాను, రేపు తెచ్చి ఇస్తానంది."

భర్త కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాడు. ఆమె వెళ్ళి, ఏమీ ఎరగనట్టు అడిగింది. "పిల్ల గొడుగు కనబడదేం?"

"స్నేహితురాలు అడిగితే ఇచ్చింది, రేపు తెచ్చి ఇస్తానంది."

ఆమె ఒక్క క్షణం అతని వంక చూసి, గుమ్మంలోకి వచ్చింది. "బస్సులో మర్చిపోయావు కదే?"

కూతురు వంటింట్లో ఉన్న నాన్న వైపు చూసింది. "నువ్వు చెప్పావా?"

"నేనేం చెప్పాను? నువ్వు చెప్పమన్నదే అక్షరం పొల్లు పోకుండా చెప్పాను" అన్నాడు ఆయన.

"అక్కడే దొరికిపోయారు. మీరు మామూలుగా అయితే 'ఏమో, నాకేం తెలుసు' అంటారు" అంది ఆమె. ముగ్గురూ నవ్వారు. కంచాలు పెడుతూ ఆమె ఉన్నట్టుండి ఆగిపోయింది. వేరువేరుగా చెప్పేవాళ్ళ మాటలు అక్షరం తేడా లేకుండా ఉండవు. ఎక్కడో ఒకచోట ఉండాల్సిన తేడా ఉండాలి.

బుధవారం పొద్దున బ్యాగు భుజాన ఉండగానే రిపోర్టు తెరిచింది. చివరి పేజీలో చివరి వరుస, ఎవరూ చూడనిది: ఎన్ని మినహాయింపులు వాడారు. రోజూ ముప్పై ఎనిమిది ఉండాలి. సున్నా ఉంది. సోమవారం సున్నా, మంగళవారం సున్నా.

కొత్త డీబగ్గరు ఇచ్చిన అసలు జవాబులు బయటికి తీసింది. అచ్చాఫీసులోలాగే తెర మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయి, ఆ హెచ్చరిక దగ్గర ఆగింది. అందులో అక్షరం ఎక్కువ ఉంది. తమ డీబగ్గరు ఆ తప్పు చెయ్యలేదు, ఎప్పుడూ చెయ్యలేదు. అక్కడ మాట్లాడుతున్నది తమది కాదు. రెండు వైపులా పాతదే ఉంది. పాతదాన్ని పాతదానితోనే పోల్చి అన్నీ పచ్చ అంటోంది ఆ కంప్యూటరు.

ఆమె ఆ జవాబులను కాగితాల మీదికి అచ్చు తీసుకుంది. ఆ వెంటనే కోపం వచ్చింది. శుక్రవారం మార్పు మీద ఉన్నది ఈలబాబు పేరు. ఇంకెవరు?

ఒక్కతే వెళ్ళి అతన్ని అడిగి ఉండవచ్చు. అడగలేదు. పదింటికి అందరూ కూర్చునే సమావేశంలో కాగితాలు బల్ల మీద పెట్టింది.

"ఇది మన డీబగ్గరు కాదు సార్. మూడు రోజులుగా పాతదాన్నే రెండు పక్కలా నడుపుతున్నారు. కస్టమర్లు వచ్చే వారమే ఇలా జరిగిందంటే అది అనుకోకుండా జరిగిందని నేననుకోను. శుక్రవారం మార్చింది ఎవరో అందరికీ తెలుసు."

ఈలబాబు ముఖం పాలిపోయింది. "అక్కా, నేను దొంగ లెక్క చూపించానంటున్నారా?"

"కాగితాలు చూపిస్తున్నాయి. నేను అనడమెందుకు?"

"శుక్రవారం మన డీబగ్గరు ఉండే ఫోల్డరు పేరు మార్చాను. అంతే. అది దొరక్కపోతే పరీక్ష ఆగిపోవాలి కదా? పాతదాన్ని ఎందుకు పిలిచింది?" అతను మేనేజరు వైపు తిరిగాడు. "సార్, ఆ పరీక్ష ప్రోగ్రాము ఒక్కసారి తెరవండి."

మేనేజరు తెర మీద తెరిచాడు. పైనుంచి పదిహేడో వరుసలో ఉంది: కొత్తది కనబడకపోతే, ఉన్నదాన్నే పిలువు. ఈలబాబు లేచి వెళ్ళి, ఆ వరుస ఎవరు రాశారో చూపించే మీట నొక్కాడు. ఆరు వారాల కిందటి తేదీ. పక్కన ఆమె పేరు.

ఆమెకు చూడగానే గుర్తొచ్చింది. కొత్త యంత్రం తెచ్చిన రోజు. తమ డీబగ్గరు ఇంకా అందులో పెట్టలేదు. పరీక్ష మొత్తం మొరాయించకుండా, ఆ పూటకు పని జరిగితే చాలని తనే ఆ వరుస రాసింది. మర్నాడు తీసేద్దామనుకుంది. మర్నాడు కూతురికి జ్వరం, సెలవు పెట్టింది.

"నాదే" అంది చివరికి. "ఇది నేను రాసిందే."

ఈలబాబు కాగితాలు సర్ది ఆమె ముందు పెట్టి, తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా లేచి వెళ్ళిపోలేదు. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలనుకుంది.

"బాబూ, నిన్ను అనకూడని మాట అన్నాను. ముందు నిన్ను అడగాల్సింది. నీ పేరు కనబడగానే ఇంక అక్కడితో ఆగిపోయాను. ఈ వరుస దాకా రాలేదు. తప్పు నాది."

అతను తల ఊపాడు గానీ ఆమె వైపు చూడలేదు.

మధ్యాహ్నానికి ఆ వరుస తీసేసి పరీక్ష మళ్ళీ నడిపారు. పంతొమ్మిది ఎర్ర గళ్ళు తేలాయి. అరవై మూడింటిలో నలభై నాలుగు అతను నిజంగానే దిద్దాడు. మేనేజరు కస్టమర్లకు ఫోను చేసి నెల రోజులు గడువు అడిగాడు. తిట్టారు గానీ ఒప్పుకున్నారు. ఆమెను పక్కకు పిలిచి, "మీరు పట్టుకోకపోతే రేపు వాళ్ళ ముందు నిలువునా మునిగేవాళ్ళం. ఆ మాట కూడా నేను అందరి ముందు చెప్తాను" అన్నాడు. "చెప్పకండి సార్" అంది ఆమె.

ఆ వారమంతా ఈలబాబు ఆమె ఉన్న వైపు ఈల వెయ్యలేదు. టీ దగ్గర కలిస్తే కప్పు తీసుకుని వెళ్ళిపోయేవాడు. కోపమా, భయమా, లేక తన మీద ఇంకెవరితోనైనా చెబుతున్నాడా అని ఆమె మనసు మళ్ళీ మొదలుపెట్టబోయింది. ఈసారి నోరు మూసుకుని ఊరుకుంది.

సోమవారం ఆమె పరీక్షకు ముందు కొత్త మెట్టు ఒకటి చేర్చింది. పోలిక మొదలుపెట్టేముందు రెండు డీబగ్గర్లనూ నీ పేరేమిటని అడగాలి, రెండింటిదీ ఒకే పేరయితే అక్కడే ఆగిపోవాలి. ఇకమీదట ఒకరు రాసింది ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే పరీక్షలోకి వెళుతుంది. ఎవరికి పంపాలో కాసేపు ఆలోచించి, ఈలబాబుకే పంపింది.

గంట తర్వాత అతను ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"మూడు ప్రశ్నలున్నాయక్కా."

"అడుగు."

"పేరు అడిగితే జవాబే రాకపోతే?"

"ఆగిపోతుంది. నడిపి చూశాను."

"చూశానంటే సరిపోదు. నా ముందు నడపండి."

ఆమె కుర్చీ కొంచెం పక్కకు జరిపి అతనికి చోటిచ్చింది. అతను ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడు ప్రశ్నలు ఏడయ్యాయి. భోజనాల వేళ దాటిపోయింది, ఇద్దరిలో ఎవరూ లేవలేదు.