నలభై రెండో గింజ

నా చిన్నప్పుడు ఒక పూట నేను మా వంశంలోంచి మాయమైపోయాను. ఈ మాట అన్నప్పుడల్లా మా అన్న కొడుకు నవ్వుతాడు. మా తాత ఎప్పుడో అచ్చు వేయించిన వంశావళి పుస్తకాన్ని సరిచేసి మళ్లీ వేయించాలని మేమిద్దరం ఏడాదిగా తిరుగుతున్నాం. కంప్యూటర్ పని వాడిది, మనుషుల్ని వెతికి పట్టుకునే పని నాది. తాత పుస్తకం నాటికి మేం నలభై ఒక్కమందిమని వాడంటాడు. నలభై రెండని నేనంటాను. ఎందుకో చెప్పాలంటే ఆ రోజు దగ్గరికి వెళ్లక తప్పదు.

అప్పట్లో మేం రుద్రారం దగ్గరి పల్లెలో ఉండేవాళ్లం. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న కాలం. గాలి ఇటు మళ్లితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది. మధ్యాహ్నం సైరన్ మోగితే మా పశువులు మేత మాని చెవులు నిక్కబొడుచుకునేవి. మా పొలం కూడా ఫ్యాక్టరీ కిందికి పోతుందని తేలింది. తాత దానికి ఏడవలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. భూమి పోయినా మనుషుల లెక్కయినా మిగలాలని, వంశమంతా పుస్తకంగా వేయిస్తానని చెప్పి సంగారెడ్డిలో ప్రెస్సు మాట్లాడుకొచ్చాడు. ఇంట్లో నా చేతిరాత బాగుంటుందని రాసే పని నాకిచ్చాడు. నాకప్పుడు పదేళ్లు. నా రాత చూసి అచ్చు వేస్తారని బడంతా చాటింపు వేశాను. తాత నన్ను "మున్షీ సాబ్" అని పిలిస్తే చాలు, ఆ పూట అన్నం లేకపోయినా ఫరవాలేదనిపించేది.

పేర్లు చెప్పేది వంశం చెప్పే పెద్దాయన. మూడేళ్లకోసారి, పంట ఇంటికొచ్చాక, తంబుర భుజాన వేసుకుని వచ్చేవాడు. మా మూలపురుషుడితో మొదలుపెట్టి కొత్తగా పుట్టిన బిడ్డ దాకా అందరి పేర్లూ పాటగా చెప్పేవాడు. అంతకుముందు ఆయన తండ్రి వచ్చి మా ముత్తాతకు చెప్పేవాడట. ఆయన దగ్గర కాగితం ముక్క కూడా ఉండేది కాదు. ఒక గుడ్డసంచిలో చింతగింజలుండేవి, మనిషికొక గింజ. అరుగు మీద తెల్ల పంచె పరిచి, పేరు చెప్పి గింజ పెట్టేవాడు. తరానికొక వరుస. పాత గింజలు చేతులు తగిలి తగిలి నల్లగా మెరిసేవి, మా పిల్లల తరానివి ఇంకా ఎర్రగా ఉండేవి. ఆడపిల్లలకు కూడా గింజ పెట్టడం ఆయన పద్ధతి. అన్నీ కలిసే సంచిలో ఉన్నా, ఏది ఎవరిదో ఆయన వేళ్లకు ఎలా తెలిసేదో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆ రోజు ఆయన చెబుతుంటే నేను రాశాను. పూర్తయ్యాక తాత గింజలు లెక్కపెట్టమన్నాడు. నలభై రెండు. కాగితం మీద పేర్లు నలభై ఒకటి. నా చెవులు వేడెక్కాయి. ఒక పేరు వదిలేశానని, మున్షీ ఉద్యోగం అప్పుడే ఊడిందని అనుకున్నాను. తాత ఆయన్ని మళ్లీ చెప్పమన్నాడు.

ఈసారి నేను రాయలేదు. ఒక్కో గింజ మీద ఆయన వేలు పడుతుంటే కాగితం మీద పేరు పక్కన గీత పెడుతూ పోయాను. నాలుగో వరుసలో మా తాత పేరొచ్చింది. దాని పక్క గింజ మీద ఆయన వేలు పెట్టాడు. పేరు చెప్పలేదు. తంబుర తీగ మోగుతూనే ఉంది. ఒక పేరు పలికేంత సేపు ఆయన నోరు మూసుకుని, తర్వాత వేలు ముందుకు జరిపాడు. నేను తలెత్తి చూశాను. అరుగు మీదున్న పెద్దవాళ్లందరూ తలలు దించుకుని ఉన్నారు. గడప దగ్గర కూర్చున్న మా నాయనమ్మ పెదవులు మాత్రం కదిలాయి, చప్పుడు లేకుండా. ఎవరితో మాట్లాడుతోందోనని ఆమె ఎదుట చూశాను. అక్కడెవరూ లేరు. పట్టపగలు, అంత ఎండలో, నా వీపు మీద చన్నీళ్లు చల్లినట్టయింది.

"గింజలు ఇంకోపారి లెక్కవెట్టు. నలభై ఒకటే ఉంటయి" అన్నాడు తాత, నా వైపు చూడకుండా.

పదేళ్ల పిల్లనే గానీ ఆ మాట అర్థం కానంత అమాయకురాలిని కాదు. ఉన్నవాటిని నలభై ఒకటి చేయమంటున్నాడు. ఏ గింజ తీయాలో కూడా నాకు తెలుసు. కానీ నాలుగో వరుసలోని ఆ నల్ల గింజను ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ముట్టుకుంటే వెచ్చగా తగులుతుందేమోనని భయం. అందుకని వంగి లెక్కపెడుతున్నట్టు నటిస్తూ, నాకు దగ్గరగా, ఆఖరి వరుస చివరనున్న ఎర్ర గింజను గుప్పిట్లోకి లాగేశాను. నలభై ఒకటని పైకి చెప్పాను. తాత స్వయంగా లెక్కపెట్టుకుని, నా తల నిమిరి, ఇక మంగళం పాడమన్నాడు.

మంగళం అంటే మొదటి నుంచి చివరి దాకా అందరి పేర్లూ ఇంకొక్కసారి, గబగబా. పెద్దాయన నాలుగో వరుసలో ఆగే చోట ఆగాడు. ఐదో వరుస అయింది. ఆరో వరుసలో మా అన్న పేరు చెప్పాడు. ఆ తర్వాత ఆయన వేలు ఖాళీ పంచె మీద నిలబడింది. తంబుర మోగుతోంది. ఆయన నోరు మెదపలేదు. కళ్లెత్తి నా వైపు చూశాడు, అప్పుడు తెలిసొచ్చింది నాకు. ఆఖరి వరుస మాది. అందులో అందరికంటే చిన్నదాన్ని నేను. గింజ లేని పేరు ఆయన చెప్పడు.

అసలు భయం ఆ తర్వాత వేసింది. ఎవరూ గమనించలేదు. లెక్క సరిపోయిందని అందరూ లేచారు. తాత పెద్దాయన్ని మెచ్చుకున్నాడు. మా అమ్మా నాన్నా అక్కడే ఉన్నారు. వాళ్ల కూతురి పేరు రాకుండానే వంశం అయిపోతే వాళ్లకు ఏదీ తక్కువైనట్టు అనిపించలేదు.

భోజనాలకు అమ్మ పిల్లల్ని పేరుపేరునా పిలిచింది. నన్ను పిలవలేదు. బంతిలో ఒక పళ్లెం తక్కువ పడింది. నేను రోజూ కూర్చునే చోట మా అన్న కూర్చున్నాడు. "అమ్మా, నేను" అన్నాను. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ సైరన్ మోగింది. నా గొంతు నాకే వినిపించలేదు. అమ్మ కూర గిన్నె పట్టుకుని నన్ను రాసుకుంటూ వెళ్లిపోయింది. చుట్టాల సందడిలో ఏ తల్లికైనా అలా జరుగుతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పెరట్లోకి పరుగెత్తి, నా ముఖం ఉందో లేదో చూసుకుందామని బావిలోకి తొంగిచూశాను. మిట్టమధ్యాహ్నం. నీళ్ల మీద తెల్లటి ఎండ తప్ప ఏమీ కనిపించలేదు.

పెద్దాయన తినేసి పశువుల కొట్టం నీడలో తంబుర తీగ బిగించుకుంటున్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. ఆయన తలెత్తి చూడగానే ఏడుపు తన్నుకొచ్చింది. గుప్పిట విప్పాను. చెమటకు గింజ తడిసిపోయి ఉంది.

"ఎవల్ని తీసినవో ఎరికైందా బిడ్డా?"

తలూపాను. ఆ నల్ల గింజ ఎవరిదని అడిగాను. ఆయన ఇంటి వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా చెప్పాడు. తాతకు ఒక చెల్లెలుందట. ఆమె చేతిరాత కూడా నా రాతలాగే ముచ్చటగా ఉండేదట. మిషన్ ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకోవడానికి వెళ్లి, క్రైస్తవం పుచ్చుకుని, అక్కడి మనిషినే పెళ్లి చేసుకుంది. ఇంట్లోవాళ్లు చనిపోయినవాళ్లకు చేసినట్టు ఆమె బతికుండగానే దినాలు చేశారు. ఆమె పేరు ఇంకెప్పుడూ పలకవద్దని ఈయన తండ్రి చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఈయనకూ వచ్చింది. పేరేమిటని అడిగితే నాకు కూడా చెప్పలేదు.

"పేరు తియ్యమన్నరు, తీసినం. గింజ తీసెటందుకు మేమెవలం? పుట్టిన మనిషి పుట్టకుంట పోతదా?"

ఆమె చనిపోయిందా అని అడిగాను. లేదన్నాడు. సంగారెడ్డిలో చర్చి వెనక ఉంటుందట. మా ఇంట్లో వంశం చెప్పాక ప్రతిసారీ నేరుగా అక్కడికే పోతాడట. తన గింజ ఉందా అని అడుగుతుందట ఆమె. ఉందని చెబితే కళ్లు తుడుచుకుని అన్నం పెడుతుందట. ఒక్క పూటకే నా ప్రాణం అలా కొట్టుకుంటుంటే, అన్నేళ్లుగా ఆమె ఎలా ఉందో అనుకున్నాను.

"నీ గింజ నువ్వే వెట్టుకో. పెడితె మల్ల నలభై రెండైతయి. తాతకు ఏం జెప్తవో సూస్కో" అన్నాడు ఆయన.

పొద్దుగూకే దాకా గింజలు తీయకూడదని ఆచారం. పంచె అరుగు మీదే పరిచి ఉంది. పక్కన తాత ఒక్కడే కూర్చుని నా కాగితాలు చదువుకుంటున్నాడు. నన్ను చూసి "రా మున్షీ సాబ్" అని నవ్వాడు. ఆ నవ్వు పోగొట్టుకోవాలనిపించలేదు. చెప్పకపోతే నేను పుస్తకంలో ఉంటాను, ఆయనకు ముద్దుల మనవరాలిగా ఉంటాను. పంచె మీద మాత్రం ఉండను. గుప్పిట చాచాను.

"నేను దొంగలెక్క చెప్పిన తాతా. నలభై ఒకటి కావు, నలభై రెండు. ఆ గింజ ముట్టనీకి భయమై నాది తీసిన."

కొడతాడనుకున్నాను. తాత కాగితంలో ఆఖరి పేరు చూశాడు, నాదే. పంచె మీద ఆఖరి చోటు చూశాడు. కాగితం మీద నేనున్నాను, ఆమె లేదు. పంచె మీద ఆమె ఉంది, నేను లేను. లెక్క మాత్రం కుదిరింది.

"మంగళంల నీ పేరు రాలేదా?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"రాలే. ఎవ్వలు సూడలే తాతా."

తాత నా అరచేతిలోంచి గింజ తీసి, దాని చోట పెట్టాడు. వెనక్కి వస్తున్న చెయ్యి నాలుగో వరుస మీద ఆగింది. ఆ నల్ల గింజ తన గింజకు కాస్త దూరంగా జరిగి ఉంది. ఒక్క వేలితో, మెల్లగా, దాన్ని తన గింజ పక్కకు జరుపుకున్నాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

పుస్తకం నలభై ఒక్క పేర్లతోనే వచ్చింది. తాతకు అంతవరకే చేతనైంది. ఆయనంటే నాకెంత ప్రేమ ఉన్నా, దానికి మాత్రం ఇప్పటికీ కోపమే. నా మీద కూడా కోపమే. సంగారెడ్డి మాకెంత దూరమని. ఉద్యోగం, పిల్లలు, పోతిరెడ్డిపల్లిలో సొంతిల్లు, అన్నీ అయ్యాయి, ఆ చర్చి ముందు నుంచి వందలసార్లు బస్సులో పోయాను. తల దించుకోవడం నేనూ ఆ అరుగు మీదే నేర్చుకున్నాను కాబోలు. ఈలోగా పెద్దాయన పోయాడు. ఆయన కొడుకు ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. గింజల సంచి ఏమైందో వాళ్లకు తెలియదు.

పోయిన నెల, నాలుగో వరుసలో చేర్చాల్సిన పేరు కోసం, చర్చి వెనక వీధిలో ఇంటింటికీ అడుగుతూ వెళ్లాను. నాకంటే చిన్నది, ఒక టీచరమ్మ, తలుపు తీసింది. తాత చెల్లెలి కొడుకు కూతురు. ఏ ఊరి నుంచి, ఎవరింటి నుంచి వచ్చానో చెప్పానో లేదో, "లోపలికి రా వదినా" అంది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని మనిషి నన్ను వరస పెట్టి పిలిచింది. నేను చెప్పులు విప్పడం కూడా మరచిపోయాను.

వాళ్ల నాయనమ్మ పోయి చాలా ఏళ్లయిందట. టీచరమ్మ అట్టలు ఊడిన పాత బైబిలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. వాళ్ల ఇళ్లలో పుట్టుకలూ పెళ్లిళ్లూ బైబిలు మొదటి పేజీల్లో రాసుకుంటారు. ఆ పేజీల్లో వాళ్ల పేర్ల కంటే ముందు మా పేర్లున్నాయి. మూలపురుషుడి నుంచి, తరానికొక వరుసగా, గుండ్రటి రాతలో. అచ్చం నా రాతే. నాలుగో వరుసలో తాత పేరు పక్కన ఆమె పేరు. మూడేళ్లకోసారి పెద్దాయన వచ్చి చెబితే రాసుకున్నవి. మేం ఆమెను తీసేసిన తర్వాత పుట్టిన ప్రతి బిడ్డా అందులో ఉంది. ఆరో వరుస చివర నా పేరు, దాని పక్కన చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "ఈ పిల్ల ఒక పూట కనబడలేదట. తర్వాత దొరికింది. దేవునికి స్తోత్రం."

ఆ పూట నా కోసం ఎవరూ చూడలేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ కనబడని నేను, మేం దినాలు చేసి వదిలేసిన మనిషికి గుర్తున్నాను. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని టీచరమ్మ ముందే ఏడ్చాను.

కొత్త పుస్తకం ప్రెస్సుకు వెళ్లింది. అచ్చు కాగితాలు దిద్దుతూ పేర్లు చదువుతుంటే, నాలుగో వరుసలో తాత పేరు దాటగానే ఇప్పటికీ నా ఊపిరి ఒక పేరంతసేపు ఆగిపోతుంది. పెద్దవాళ్లందరూ తల దించుకుంటున్నట్టుంటుంది. గడప దగ్గర మా నాయనమ్మ పెదవులు కదులుతాయి. అప్పుడు నేను ఆ పేరు పైకి చదువుతాను, ఆమెకు వినబడేంత గట్టిగా.