పురుడు తీరకముందే: నౌపడ నుంచి శ్రీకాకుళం

నౌపడ ఉప్పుమళ్ళను తెల్లవారుజామున చూడాలని చాన్నాళ్ళ కోరిక. చలికాలంలో వీలు చిక్కింది. అరసవల్లిలో లాడ్జి తీసుకుని, రోజుకు రెండున్నర వేలకు కారు మాట్లాడుకున్నాను. ఐదింటికి బయలుదేరి టెక్కలి మీదుగా వెళితే ఏడింటిలోపు చేరతారు. ఎండ ముదిరితే ఆ తెల్లదనం కళ్ళలో గుచ్చుకుంటుంది. అందం గురించి ఇంతకంటే రాయలేను. తిరుగుదారిలో జరిగింది దాన్ని తుడిచేసింది.

ఒక చిన్న ఆసుపత్రి ముందు ఒకతను చేతులడ్డం పెట్టి కారు ఆపాడు. పేరు ఎర్రయ్య, చేపలవేటకు వెళ్ళే మనిషి. ఆ వేకువనే నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు. భార్య లేవలేని స్థితిలో ఉంది. బిడ్డను శ్రీకాకుళం తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సేమో ఇంకో కేసు మీద పోయిందట. ఎర్రయ్య తల్లి బిడ్డను తువ్వాల్లో చుట్టి వెనక సీట్లో కూర్చుంది, పక్కన ఎర్రయ్య ఎక్కాడు. నర్సు కిటికీ దాకా వచ్చి "గుండెకి ఆనించి పట్టుకోండి, ఒంటికి ఒళ్ళు తగలాల" అని చెప్పి లోపలికి పరిగెత్తింది. లోపల మరో కాన్పు, ఆమె ఒక్కతే.

దారిలో ముందు సీట్లోంచి వెనక్కి వంగి బిడ్డ పాదం ముట్టుకున్నాను. మంచుముక్క. తల ఇంకా తడిగా ఉంది.

"స్నానం పోశారా అమ్మా?"

"మరి మైల పోవద్దేటి బాబూ?"

"నర్సు చెప్పింది కదా, గుండెకి ఆనించు."

"నా ముసిలి ఒంట్లో ఏడెక్కడుంటాది? నానే వణికిపోతన్నాను."

"అయితే తండ్రికివ్వు."

"బాగా సెప్పినావు! పురుడు తీరకుండా మొగోడు ముట్టుకుంటే తోటోళ్ళు పడవెక్కనిస్తారేటి?"

డ్రైవర్ సింహాచలం అద్దంలోంచి ఎర్రయ్యను చూశాడు. "సముద్రానికి బయపడవు గానీ అమ్మంటే బయమేటి బావా!"

ఎర్రయ్య చొక్కా విప్పేశాడు. "పడవ పోతే పోనీ. ఇలా తే అమ్మా." బిడ్డను రొమ్ముకు హత్తుకున్నాడు. నా శాలువా పైన కప్పాను. కొంతదూరం పోయాక "కదుల్తన్నాడు సార్" అన్నాడు. ఆ దారంతటికీ విన్న మంచిమాట అదొక్కటే.

శ్రీకాకుళంలో బిడ్డను లోపలికి తీసుకున్నారు. నా నంబరిచ్చి వచ్చేశాను. మర్నాడు విజయనగరం రైల్లో ఉండగా ఫోన్ వచ్చింది.

"పోయాడు సార్." తర్వాత అడిగాడు: "నాను ముట్టుకోబట్టేనంటంది మాయమ్మ. సదువుకున్నోరు, మీరు సెప్పండి. అందుకేనా?"

కాదన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను. నమ్మాడో లేదో తెలీదు.

స్నానం పోసిన ముసలమ్మను తిట్టి చేతులు దులుపుకునే పెద్దమనుషులకు మనలో కొరత లేదు. మూఢనమ్మకం అంటారు. సరే, మూఢమే. కానీ కోడలు కడుపుతో ఉన్నన్నాళ్ళూ స్నానం పోయొద్దని ఈ అత్తకు ఒక్కరైనా చెప్పారా? అన్ని కాన్పులకూ ఒక్క నర్సును పెట్టింది ముసలమ్మా? భోగాపురంలో విమానాలు దిగడానికి అంత నేల చదును చేసినవాళ్ళం, దోసెడంత బిడ్డ వెచ్చగా గంటన్నర ప్రయాణించే ఏర్పాటు చేయలేమా? చేతకాక కాదు. వేటకెళ్ళేవాడి బిడ్డ ఎవరికి లెక్క?

మీరు ఏ దారిలోనైనా పసిగుడ్డుతో పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే స్నానం పోయకండి. పొడిగా తుడిచి, తలకు టోపీ పెట్టి, చర్మానికి చర్మం తగిలేలా గుండెకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పండి. తల్లి లేకపోతే తండ్రి ఎత్తుకోవాలి. అతను ముట్టుకున్నందుకు ఏ బిడ్డా చావదు.