గంగమ్మ నీళ్ళు పోసిన తులసి

2015. నరసన్నపేట దగ్గర హైవే పక్కన నా నర్సరీ. ఒకరోజు చేపలమ్మే నూకాలమ్మ తట్ట దించి, కొంగుముడి విప్పింది. అందులో ఎండిపోయిన తులసి వెన్నులున్నాయి.

"మా పాప ఏసిన మొక్క గింజలమ్మా. జొరమొచ్చి పాప పోనాది. మొన్న తుపానుకి మొక్కా పోనాది. ఇవే మిగిలాయి. నువ్వే మొలిపించాల."

"మొలవకపోతే నన్ననకు!" అని కసిరాను, భయం కనపడకుండా.

ప్రోట్రే అంటే చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెం. దాన్లో కొబ్బరిపీచు పొడి నింపి, గింజలు పైపైన చల్లాను. నలుసంత గింజ, లోతుగా పూడిస్తే మొలక పైకి రాదు. నూకాలమ్మ రోజూ చేపలమ్ముకుని వెళ్తూ తొంగిచూసేది.

"మొలిసిందేటమ్మా?"

"నన్ను బతకనీవేటి? రేపు రా!"

నేను ఆశ వదులుకున్నాక నాలుగంటే నాలుగు మొలకలొచ్చాయి. అవి ఎదిగాక హార్డెనింగ్ చేశాను, అంటే నీడలో పెరిగిన నారును మెల్లగా ఎండకు అలవాటు చేయడం. తర్వాత వేరు కదలకుండా పీచుపొడి ముద్దతో సహా ఇచ్చి పంపాను.

కొన్నాళ్ళకే పరుగెత్తుకొచ్చింది. "ఆకులు మాడిపోతన్నాయమ్మా! నా పాప మళ్ళీ పోతాది!"

ఆటో ఎక్కి వాళ్ళ ఊరెళ్ళాను. తులసికోటలో మూడు ఎండిపోయాయి. నాలుగోది తల వాల్చేసింది. మట్టి మీద తెల్లటి పొర ఉంది. వేలితో తీసి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు!

"ఏ నీళ్ళు పోస్తన్నావు?"

"బావి నీళ్ళేనమ్మా. పొద్దున్న మాత్తరం సముద్రం కాణ్నుంచి సెంబుడు తెస్తన్నాను. గంగమ్మ తల్లి పాపని సల్లగా సూస్తాదని."

ఒళ్ళు మండిపోయింది. "నీ భక్తి తగలెయ్యా!" అన్నాను.

ఆ ఒక్కదాన్నీ పెకలించి, వేళ్ళు మంచినీళ్ళతో కడిగి, కొత్త మట్టిలో పెట్టి నా నర్సరీ నీడకు తెచ్చుకున్నాను. పొద్దున్న లేస్తే దాని దగ్గరికి వెళ్ళాలంటేనే భయం. ఒకరోజు కాడ మొదట్లో పచ్చటి చిగురు కనపడింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

నూకాలమ్మ వచ్చింది గానీ ముట్టుకోలేదు. "నీ కాడే ఉంచమ్మా. నా సెయ్యి మంచిది కాదు. నానొచ్చి సూసుకుంటాను."

"సాల్లే! ఆడపిల్లని ఎన్నాళ్ళు పరాయివాళ్ళింట్లో ఉంచుతావు? తీసుకుపో!" అంటూ కుండీ ఆవిడ చేతుల్లో పెట్టేశాను.

అప్పట్నుంచి మొక్క ఇచ్చే ముందు ఏ నీళ్ళు పోస్తారని అడుగుతాను. ఇంట్లో ఆ మొక్క ఎవరికోసమో కూడా అడుగుతాను.

మరుసటేడు నూకాలమ్మ మళ్ళీ కొంగుముడి విప్పింది. కొత్త వెన్నులు, ఇంకా వాసన పోలేదు.

"ఇయి నీ కాడ దాసి ఉంచమ్మా. నానసలే పిచ్చిదాన్ని. మళ్ళీ ఏటి సేస్తానో!"