క్యాసెట్‌లో లేని మాట

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. స్టాఫ్ రూములో ఎవరైనా పాడుబడ్డ బంగళా కథ మొదలుపెడితే కాంపోజిషన్ పుస్తకాలు చంకన పెట్టుకుని లేచిపోయేదాన్ని. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకు బతికినదాన్ని. విన్నదేదో, ఊహించుకున్నదేదో నాకు తెలుసనే ధీమా ఉండేది. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో దయ్యం లేదు, చచ్చిపోయినవాళ్లూ లేరు. అందుకే కాబోలు, దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఎనభైల మొదట్లో మేం బెజవాడ భవానీపురంలో ఉండేవాళ్లం. నాన్న రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తా, చర్చిలో సంఘ పెద్ద. ఆయన, అమ్మ, నేను, నా చెల్లెలు. చెల్లెలి పేరు రాణి.

అంతకు రెండేళ్ల ముందు రాణి తనతో పాటు టైపు నేర్చుకున్న ఒక హిందువుల అబ్బాయిని రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుంది. అటువాళ్లూ ఒప్పుకోలేదు, ఇటువాళ్లూ ఒప్పుకోలేదు. నాగపూర్‌లో ఉద్యోగం దొరికితే అక్కడికి వెళ్లిపోయారని ఎవరో చెప్పారు. అది విన్న రోజు నాన్న ఒకటే మాట అన్నారు. "ఈ ఇంట్లో ఆ పేరు వినపడకూడదు."

వినపడలేదు. ఆయన మాటంటే మాటే. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో బైబిలు వాక్యం చదివేటప్పుడు కూడా, ఎక్కడైనా ఒక రాణి ప్రస్తావన వస్తుందని తెలిస్తే ఆ అధ్యాయం దాటేసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ ఆయనకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మ నోరు మెదపకుండా వీధి గుమ్మానికీ పెరటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేది. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలు తిని లేచిపోయేది.

ఆ ఎండాకాలం మా మేనత్త లండన్ నుంచి వచ్చింది. అక్కడ ఆస్పత్రిలో నర్సు. వస్తూ వస్తూ ఒక టీవీ, వీడియో మిషను తెచ్చింది. అప్పటికి బెజవాడలో టీవీ ప్రసారాలే లేవు కాబట్టి, క్యాసెట్ వేస్తేనే ఆ పెట్టెలో బొమ్మ. ఆవిడ తెచ్చిన క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. అక్కడి టీవీలో వారం వారం వచ్చిన సీరియలట, పాతకాలపు ఇంగ్లండు రాణి కథ. జనం ఎగబడి చూశారని తర్వాత క్యాసెట్లు చేసి షాపుల్లో అమ్మారట. అట్ట మీద, మెడ చుట్టూ విసనకర్రలా విచ్చుకున్న తెల్ల కాలరుతో ఒకావిడ బిగుసుకుని నిలబడి ఉంది.

"మా అన్నయ్యకు రాజుల కథలంటే ప్రాణం కదా అని తెచ్చాను" అంది అత్త. పాపం, ఆవిడ మనసులో వేరే ఏమీ లేదు.

ఆదివారం చర్చి అయ్యాక భోజనాలు చేసి కూర్చున్నాం. ఇరుగుపొరుగు చాపల మీద సర్దుకున్నారు. వెలుతురు పడకుండా కిటికీలకు దుప్పట్లు కట్టాం. ఫ్యానున్నా చెమటలు కారిపోతున్నాయి. ఆ ఇంగ్లీషు నాకూ అత్తకూ తప్ప ఎవరికీ అర్థం కాదు కాబట్టి, టీవీ పక్కన స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టారు. వాళ్లు మాట్లాడేది నేను తెలుగులో చెప్పాలి.

మొదటి మాటకే ఇరుక్కున్నాను. కథంతా రాణిది. ఆ మాట అనకుండా ఎలా చెప్పను? నాన్న ఎదురుగా పడక్కుర్చీలో ఉన్నారు. మహారాణి అందామంటే అందులోనూ రాణి ఉంది. దొరసాని అన్నాను, బాగోలేదు. ఆఖరికి సామ్రాజ్ఞి అన్నాను.

పక్కింటి వెంకాయమ్మగారు వెంటనే అందుకున్నారు. "సామ్రాజ్యమా? మా ఆడపడుచు పేరు కూడా అదేనమ్మా. ఇంగ్లండులో కూడా పెట్టుకుంటారా?"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

"హాయిగా రాణి అనరాదూ" అన్నారావిడ. ఆవిడ ఆ వీధికి కొత్త, మా సంగతి తెలియదు. ఇహ చేసేది లేక అన్నాను. రాణి కోపగించుకుంది, రాణి గుర్రమెక్కింది, రాణి ఎవరి మాటా వినలేదు. అన్నప్పుడల్లా పడక్కుర్చీ వైపు ఓరగా చూసేదాన్ని. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. తెర వైపు కూడా కాదు, నా నోటి వైపు చూస్తోంది.

కాసేపటికి బొమ్మలో ఒక పొడుగాటి వసారా వచ్చింది. చివర ఎక్కడో కిటికీ. తలకు తెల్లగుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ తెరకు దగ్గరగా వచ్చి మాట్లాడింది. ఆ ఇంగ్లీషు నేను స్పష్టంగా విన్నాను. చిన్న చిన్న మాటలు. విన్నది విన్నట్టు చెప్పాను.

"రాణికి నొప్పులొస్తున్నాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఇంటికి కబురు చెయ్యమంటోంది."

"ఎక్కడుంది?" అంది అమ్మ.

"లండన్లో ఉంటుంది గానీ ఎక్కడుంటుందండీ" అన్నారు వెంకాయమ్మగారు.

"పామర్రులో" అన్నానట నేను. ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. కానీ గదిలో ఉన్నవాళ్లందరూ విన్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

అమ్మ చెంగుకు చేతులు తుడుచుకుని చెప్పులేసుకుంది. బొమ్మలో మాట పట్టుకుని ఎక్కడికే, అన్నారు నాన్న.

"తొలి పురుడు పుట్టింటివాళ్లు పొయ్యాలండీ" అంది అమ్మ. "రెండేళ్లు నోరు మూసుకున్నాను. ఇహ నా వల్ల కాదు. మీరు రండి, మానండి."

నాన్న లేచి చొక్కా తొడుక్కున్నారు. బొత్తాలు పట్టడం లేదు. "రాణి పామర్రులో ఎందుకుంటుంది?" అన్నారు, ఎవరితోనో తెలియకుండా. రెండేళ్ల తర్వాత ఆయన నోట ఆ పేరు రావడం అదే మొదటిసారి. అంటూనే టాక్సీ కోసం ఆయనే వీధిలోకి వెళ్లారు.

అత్త కూడా బయల్దేరింది. ఉయ్యూరు మీదుగా పామర్రు దారి పట్టాం. ఏమీ లేకపోతే నలుగురిలో నవ్వులపాలవుతామని నాకు ఒక భయం, నిజమైతే ఏమిటని ఇంకో భయం. సీటు మీద నిలకడగా కూర్చోలేకపోయాను. నాన్న మాటిమాటికీ డ్రైవరును తొందరపెడుతున్నారు.

పామర్రులో ఒక మందుల షాపు దగ్గర అడిగితే, పురుళ్లు పోసే చిన్న ఆస్పత్రి ఒకటుందని దారి చెప్పారు. పెంకుటిల్లు. లోపల చెక్కమంచం మీద నా చెల్లెలు ఉంది. పెదవులు పాలిపోయాయి. పురుటికని ఆడపడుచు ఇంటికి, పామర్రు పక్క పల్లెకు వచ్చిందట. మాకెవరికీ తెలియదు. కడుపుతో ఉందన్న సంగతే తెలియదు. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషను చెయ్యాలి, ఇక్కడ కాదు, బెజవాడ తీసుకుపొమ్మన్నారు. ఆదివారం, బండి దొరకలేదు. మా మరిది కారు వెతకడానికి గుడివాడ పరిగెత్తాడు.

అక్కడి నర్సమ్మ తలకు తెల్లగుడ్డ కట్టుకుని ఉంది. తెర మీద చూసిన మనిషి ఈవిడేనా అంటే ప్రమాణం చేసి చెప్పలేను. బొమ్మ మసగ్గా ఉంది. పైగా ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

టాక్సీలో రాణి తల అమ్మ ఒడిలో. దారి పొడుగునా అత్త నాడి పట్టుకునే ఉంది. నాన్న ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని "రాణీ, ఇదిగో వచ్చేశాం. రాణీ, కళ్లు తెరువమ్మా" అంటూనే ఉన్నారు. రెండేళ్లు దాచుకున్నదంతా ఆ దారిలోనే పిలిచేశారు. పెద్దాస్పత్రిలో ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా దక్కారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ నాన్నతో కాస్త కోపంగానే చెప్పింది. ఆయన వసారాలో అందరి ముందూ ఏడ్చారు.

రాణి ఇంటికొచ్చాక నేనూ అత్తా ఆ క్యాసెట్ మళ్లీ వేశాం. వసారా ఉంది, కిటికీ ఉంది. ఆ పెద్దావిడ లేదు. సంగీతం వస్తోంది, అంతే. వెనక్కి తిప్పి తిప్పి చూశాం.

"ఆరోజూ ఇంతేనే" అంది అత్త. "ఎవరూ మాట్లాడలేదు. వాళ్లకు అర్థం కావాలని నువ్వే కథేదో కలిపి చెప్తున్నావనుకున్నాను. మీ అమ్మ లేచాక ఇహ అడగబుద్ధి కాలేదు."

తర్వాత మిగతా క్యాసెట్లన్నీ చూశాం. నాన్న మనవరాల్ని ఒళ్లో వేసుకుని కూర్చునేవారు. "సామ్రాజ్ఞీ గీమ్రాజ్ఞీ వద్దు, రాణి అనే చెప్పు" అనేవారు. చివరి క్యాసెట్ దాకా చూశాను. ఆ రాణికి పిల్లలు లేరు. అసలు పెళ్లే చేసుకోలేదు.

రాణి గురించే ఆలోచిస్తూ ఉన్నాను, మనసు అలా పలికించిందనుకుందామా? పామర్రు ఎలా తెలిసింది? అడ్డం తిరగడం ఎలా తెలిసింది? ఎవరైనా చెప్పగా విని మరిచిపోయానా అని ఎన్నోసార్లు వెతుక్కున్నాను. చెప్పినవాళ్లు లేరు.

చాలాకాలానికి ఒకరోజు రాణి దగ్గర ఈ మాటే తీశాను. నర్సమ్మతో ఇంటికి కబురు చెయ్యమన్నావు కదా, అన్నాను.

"ఇంటికి అంటే అమ్మకు కాదక్కా. నాన్నకూ కాదు" అంది. "మా అక్కకు చెప్పండి, నాన్నకు అర్థమయ్యేట్టు తను చెప్తుంది అన్నాను. మీ అక్క ఎక్కడుంటుందమ్మా అని ఆవిడ అడిగింది. చెప్పేలోపే మళ్లీ నొప్పి వచ్చింది."

ఆ సమయానికి నేను టీవీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నాన్నకు అర్థమయ్యేట్టే చెప్పాను. నాకెవరు చెప్పారో మాత్రం ఇవాళ్టికీ తెలియదు.